పోలిష్‌లో ‘ఇప్పుడే’ అంటే ఎప్పుడు?

ప్రశ్న: పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. గదిలో హీటర్ పనిచేయడం లేదని చెబితే హాస్టల్ ఉద్యోగి ‘జారస్’ అని వెళ్లి, గంట తర్వాత వచ్చాడు. ‘వోల్నో’ అంటే మెల్లగా అని తరగతిలో నేర్పారు. గోడ మీద ‘న్యె వోల్నో’ అని చూసి ‘మెల్లగా వద్దు’ అనుకున్నాను. ఈ మాటల మర్మమేమిటి?

జవాబు: నిఘంటువులో ‘జారస్’ అంటే ‘వెంటనే’ అనే ఉంటుంది కానీ, వాడుకలో అది మనవాళ్లు గుమ్మంలో నిలబడి చెప్పే ‘ఇదిగో వచ్చేస్తున్నా’ వంటిది. నిజంగా కదిలినవారు ‘యుష్’ అంటారు. ‘వోల్నో’కు మూలమైన ‘వోల్నీ’ అనే విశేషణానికి స్వేచ్ఛగల, ఖాళీగా ఉన్న, నెమ్మదైన అనే మూడు అర్థాలూ ఉన్నాయి. అందుకే రైల్లో సీటు ఖాళీయేనా అని అడగడానికీ ఆ మాటే పనికొస్తుంది; ‘న్యె వోల్నో’ అంటే ‘అనుమతి లేదు’ అని అర్థం. మెల్లగా అని చెప్పడానికి ‘పోవోలి’ అంటే ఏ గందరగోళమూ ఉండదు.

మందకొడితనాన్ని చెప్పేటప్పుడు పోలిష్‌వారు మనలాగే నత్తను పిలుస్తారు, తాబేలునూ వదలరు. అయితే ‘యాక్ మూఖా ఫ్ స్మోలె’, అంటే ‘తారులో చిక్కిన ఈగలా’ అన్నది వారి సొంతం, నాకు ఎంతో ఇష్టమైనది. తొందరను వారు దెయ్యానికి అంటగట్టారు. మనిషి తొందరపడితే దెయ్యం సంతోషిస్తుందన్న సామెతలో ‘ష్ప్యెషి’ (తొందరపడు), ‘చెషి’ (సంతోషపెట్టు) అనే క్రియలకు ప్రాస కుదిరింది. ‘త్సో నాగ్లె, తో పో ద్యాబ్లె’ అనే మరో సామెత, హడావిడిగా చేసిన పని దెయ్యం పాలవుతుందని చెబుతుంది.

అందులోని ‘నాగ్లె’ అంటే హఠాత్తుగా. సంబంధం లేకుండా ఉన్నట్టుండి ఎవరైనా ఏదో అంటే ‘ని జ్ గ్రూష్కి, ని స్ ప్యెత్రూష్కి’ అంటారు: బేరిపండు నుంచీ కాదు, పార్స్‌లీ నుంచీ కాదు! ఇక్కడ అర్థం కన్నా ప్రాసదే పెత్తనం. ‘నాగ్లె’కు విశేషణ రూపమైన ‘నాగ్వీ’ని మాత్రం తప్పక గుర్తుంచుకోండి, ‘నాగ్వీ విపాదెక్’ అంటే అత్యవసర పరిస్థితి, అప్పుడు ఫోన్ చేయవలసిన సంఖ్య అక్కడ కూడా 112.