ఒకే ధర, రెండు బోనులు: ఏది కొనాలి?

రాయగడ నుంచి 26 ఏళ్ల పాఠకుడు ఒకరు రాశారు. బట్టల షాపులో లెక్కలు చూస్తారు, జీతం 18,000. ఖాళీ దొరికితే మౌస్‌హంట్ అనే ఆన్‌లైన్ ఎలుకల వేట ఆట ఆడతారు. అందులో కూడబెట్టిన గోల్డ్‌తో ఇప్పుడు ఒక్క వెపన్ కొనగలరు. చూస్తున్నవి రెండు: ఒకటి ఫిజికల్ రకం, ఇంకొకటి టాక్టికల్. ధర ఇంచుమించు ఒకటే, పవర్ అంకెలూ దగ్గర దగ్గరే. ఏది కొనాలి? లేదంటే 800 రూపాయలు పెట్టి ఆటలో ఎరగా వాడే సూపర్ బ్రీ చీజ్ తీసుకుని, దాన్ని ఆటలోని మార్కెట్‌లో అమ్మి, వచ్చిన గోల్డ్‌తో రెండూ కొనేయాలా? గత నెల రెండుసార్లు అలా 800 చొప్పున పెట్టారట. ఆ నెలే 3,000 చీటీ వాయిదా ఆలస్యమై 350 రూపాయల డివిడెండ్ పోయింది. ఇంట్లో తెలియదు. చివర్లో ‘నవ్వకండి సార్’ అని కూడా రాశారు.

నవ్వడం లేదండీ. ఒడియా మీడియంలో చదువుకుని ఇంత చక్కటి తెలుగులో, అంకెలతో సహా రాశారు. మ్యూచువల్ ఫండ్ల గురించి అడిగేవాళ్లు కూడా ఇంత వివరం ఇవ్వరు.

ఈ ఆట తెలియని వాళ్లకు రెండు ముక్కలు. కెనడా కంపెనీ హిట్‌గ్రాబ్ 2008లో దీన్ని ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టింది. రాజుగారి తరఫున ఎలుకలు పట్టాలి. బోనులో రెండు భాగాలుంటాయి, వెపన్, బేస్. ఎరగా చీజ్ పెట్టాలి. 15 నిమిషాలకోసారి బూర ఊది వేటాడవచ్చు. ఊదకపోయినా గంటకోసారి బోను తనంతట తానే పనిచేస్తుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

ముందు మీ అసలు ప్రశ్న. ధర సమానమైనప్పుడు ధరను పక్కన పెట్టేయొచ్చు, అది ఇక మీకు ఏమీ చెప్పదు. పవర్ అంకె కూడా ఒంటరిగా ఏమీ చెప్పదు. ఫిజికల్, టాక్టికల్ లాంటి పవర్ రకాల్లో ఒక్కో జాతి ఎలుక కొన్నిటికే బాగా లొంగుతుంది. రకం తప్పితే మీ పవర్‌లో కొంత భాగమే పనిచేస్తుంది, కొన్ని ఎలుకల మీదైతే సున్నా. మీ ఊరి చుట్టుపక్కల రైతుల్ని అడగండి: బోరుకు సబ్‌మెర్సిబుల్ మోటార్ కావాలి, బావి గట్టున మోనోబ్లాక్ సరిపోతుంది. రెండూ ఒకే హెచ్‌పీ, ఒకే రేటు కావచ్చు. కానీ మన పొలంలో ఉన్నది బోరా బావా అన్నది తేలకుండా షాపువాడితో బేరమాడి ఏం లాభం?

కాబట్టి షాపు పేజీ మూసేసి మీ వేట చిట్టా తెరవండి. వచ్చే నెలా రెండు నెలలు ఏ ప్రాంతంలో వేటాడబోతున్నారు, అక్కడ మీ చేతికి చిక్కకుండా పోతున్నవి ఏ ఎలుకలు, అవి ఏ రకానికి లొంగుతాయి? ఆ రకంలో ఇప్పటికే మీ దగ్గరున్న వెపన్ ఎంత పాతది? మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, ‘ఫిజికల్‌లో మంచిదే ఉంది, టాక్టికల్‌లో మొదట్లో కొన్నదే వాడుతున్నాను’ అని. జవాబు మీరే రాసేశారు. వెళ్లబోయే చోట టాక్టికల్‌కు లొంగేవి ఉంటే అదే కొనండి. ఫిజికల్ కొత్తది కొంటే ఉన్నదానికంటే కాస్త మెరుగు, అంతే. టాక్టికల్ అయితే ఇప్పుడు చేజారుతున్నవి చాలావరకు చేతికొస్తాయి. చేజారిన ఎలుక ఊరికే పోదు, ఒక్కోసారి మీ గోల్డో చీజో ఎత్తుకుపోతుంది కూడా.

ఇంకా తేలకపోతే వెపన్ వివరాల్లో పవర్‌తో పాటు ఉండే లక్ అనే అంకె చూడండి. చాలామంది దీన్ని అలంకారం అనుకుంటారు. ఎలుక చిక్కే అవకాశానికి ఆటగాళ్లు లెక్కగట్టిన సూత్రంలో లక్ వర్గమై కలుస్తుంది, అంటే లక్ రెట్టింపైతే దాని వాటా నాలుగింతలు. పవర్ కొంచెం తక్కువున్నా లక్ ఎక్కువున్నదాని వైపే నేను మొగ్గుతాను.

అసలు నన్నడిగితే రెండూ ఆపి ముందు బేస్ సంగతి చూడమంటాను. వెపన్ దాని రకం ఎలుకలకే పనికొస్తుంది. బేస్‌ను మాత్రం ఏ వెపన్ కింద పెట్టినా దాని పవర్, లక్ కలుస్తాయి. మీ బేస్ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదంటే అది మొదట్నుంచీ మారలేదనే నా అనుమానం.

ఇక గంటకోసారి పనిచేసే బోను. మీరు ఎప్పుడూ గౌడా చీజ్ పెట్టి ఉంచుతానన్నారు. ముక్క 600 గోల్డ్. మీరు షాపులో ఉన్నా, నిద్రపోతున్నా, రోజుకు 24 సార్లు బోను తెరుచుకుంటుంది. ఎలుక రాని గంటలు ఒకటీ అరా తీసేసినా రోజుకు 14,000 దరిదాపుల్లో, నెలకు 4 లక్షల పైచిలుకు చీజ్‌కే పోతుంది. పట్టుబడిన ఎలుకలు గోల్డ్ ఇస్తాయి కాబట్టి నికర నష్టం అంత ఉండదు, నిజమే. కానీ తప్పు వెపన్‌తో ఖరీదైన చీజ్ పెట్టి పడుకుంటే మాత్రం కూడబెట్టింది కరుగుతుంది. రాత్రిళ్లు 200 గోల్డ్ బ్రీ పెట్టండి. గౌడా బూర ఊదే టైముకు దాచుకోండి. రెండో వెపన్‌కు గోల్డ్ ఇందులోంచే వస్తుంది, రూపాయి తీయక్కర్లేదు.

800 రూపాయల ఆలోచన వద్దు. ఆట మీద ఖర్చు పెట్టకూడదని నా ఉద్దేశం కాదు. సినిమాకు వెళ్తే 800 కాదా? చిక్కంతా ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న దగ్గరే. గత నెల 1,600 పెట్టారు, దానివల్ల చీటీ ఆలస్యమై 350 పోయింది. అంటే ఆ చీజ్ మీకు పడింది 1,950కి. చీటీ డబ్బులోంచి తీసిన ప్రతి ఖర్చుకూ ఇలా కనపడని వడ్డీ ఉంటుంది. పైగా డాలర్లలో చెల్లిస్తే కార్డు మార్కప్, దాని మీద జీఎస్టీ అదనం.

ఇలాంటి ఆటల్ని కేంద్రం బ్యాన్ చేసింది కదా అని మీ మేనమామ అన్నారట. 2025లో పార్లమెంటు చేసిన చట్టం ఆపింది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల్ని. ఇక్కడి గోల్డ్ రూపాయలుగా మారదు, కాబట్టి మామయ్యగారికి ఆ టెన్షన్ అక్కర్లేదు. మారదు కాబట్టే మీరు పెట్టింది తిరిగీ రాదు.

చేయాల్సింది కొంచెమే. జీతం పడిన రోజే చీటీ వాయిదా 3,000 పంపేయండి. ఆటకు నెలకు 300 పెట్టుకోండి. వాడని నెల అది సేవింగ్స్ ఖాతాలో పక్కన పెట్టండి. ప్లే స్టోర్‌లో సేవ్ చేసిన కార్డు తీసేయండి. అందులో పెట్టుకునే బడ్జెట్ హెచ్చరిస్తుందే తప్ప కొనకుండా ఆపదు, దాన్ని నమ్ముకోకండి. బ్యాంకు యాప్‌లో కార్డు అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్ చేయండి. ఇంట్లో చెప్పాలా అని అడిగారు. ఆట సంగతి మీ ఇష్టం. పోయిన 350 సంగతి మాత్రం అమ్మకు చెప్పండి, చీటీ పుస్తకం ఆవిడ దగ్గరే ఉందన్నారు కదా, ఎలాగూ కనపడుతుంది.