క్రామ్‌వెల్ ప్రకటనలతోనే పాలించాడా? క్రిస్మస్‌ని నిషేధించింది ఆయనేనా?

మీరు రెండు సంగతులు అడిగారు. క్రిస్మస్ నిషేధం పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌ని ఏలిన ఆలివర్ క్రామ్‌వెల్ పనేనా అన్నది ఒకటి, పార్లమెంటుతో పడకుండా ఉత్త ప్రకటనలతో దేశాన్ని ఎలా అదుపులో పెట్టాడన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. క్రిస్మస్, ఈస్టర్ పండగలను రద్దుచేసింది 1647 జూన్‌లో పార్లమెంటు. నాటకశాలలు 1642లోనే మూతపడ్డాయి. క్రామ్‌వెల్ లార్డ్ ప్రొటెక్టర్, అంటే రాజు లేని దేశానికి అధినేత, అయింది 1653 డిసెంబరు 16న. ఆ నిషేధాలను ఆయన ఎత్తెయ్యలేదు, అది నిజం. కానీ పెట్టింది ఆయన కాదు. భీమవరం వైపు డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు చరిత్ర చెప్పాను. అందులో సగం కాలం ఈ ముక్క తప్పే చెప్పాను, పిల్లలు పరీక్షల్లో అదే రాశారు. ఆ బాధ ఇంకా ఉంది.

ఇక రెండోది. మా అమ్మాయి ఇంగ్లండ్‌లో చదువుకునే రోజుల్లో కొన్ని నెలలు తన దగ్గర ఉన్నాను. అప్పటి అచ్చు ప్రకటనల స్కానులు తన యూనివర్సిటీ లాగిన్‌తో తెరిచి చూపించింది. జార్జ్ థామసన్ అనే లండన్ పుస్తకాల వ్యాపారి 1640 నుంచి 1661 దాకా దొరికిన కరపత్రం, పత్రిక, ప్రకటన ఏదీ పారెయ్యకుండా దాచాడు. మొత్తం దాదాపు 22 వేలు. చాలావాటి మీద తేదీ తన చేత్తో వేసుకున్నాడు. ఆ సిరా గీతల్ని తెర మీద పెద్దవి చేసుకుని ఎంతసేపు చూశానో చెప్పలేను.

ఒక ప్రకటన తలమీద ‘బై ది ప్రొటెక్టర్’ అని ఉంది. పక్కన మొదటి ఛార్లెస్ కాలానిది తెరిచాం. దాని మీద ‘బై ది కింగ్’. రాజు తల 1649 జనవరి 30న తీసేశారు గానీ, ఆయన ప్రకటనల బాణీని మాత్రం అలాగే ఉంచుకున్నారు. మా చిన్నప్పుడు ఊళ్లో తప్పెట కొట్టి ‘ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా’ అని చాటేవాళ్లు. ఎవరి హుకుం అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఆ మాటల తీరుకే జనం తలవంచేవాళ్లు.

లండన్‌లో మాత్రం అడిగినవాళ్లున్నారు. నా దృష్టిలో అసలు కథ అదే.

‘ఇన్‌స్ట్రుమెంట్ ఆఫ్ గవర్నమెంట్’ అనే రాజ్యాంగం ప్రకారం 1654 సెప్టెంబరు 3న పార్లమెంటు కూర్చునేదాకా ప్రొటెక్టర్, ఆయన కౌన్సిల్ కలిసి ఆర్డినెన్సులు ఇవ్వొచ్చు. ఎనభైకి పైగా ఇచ్చారు. 1654 మార్చి 31నాటి ఆర్డినెన్సు కోడిపందేల మీద. ఇది చెప్పగానే మా క్లాసులో ఎవరో ఒకరు లేచి ‘కోళ్ల మీద జాలితోనా సార్?’ అని అడిగేవాళ్లు. కాదు. జనం పోగై ప్రశాంతత చెడుతోంది, జూదం, తాగుడు, తగాదాలు దాని వెంటే వస్తున్నాయి అన్నవే అందులో రాసిన కారణాలు.

పార్లమెంటు వచ్చింది, ఆయనతో పడలేదు, 1655 జనవరి 22న రద్దయింది. మార్చిలో సాల్స్‌బరీలో పెన్‌రడక్ నాయకత్వంలో రాజపక్షీయులు తిరగబడ్డారు. ఆ గొడవల్లోనే జార్జ్ కోనీ అనే వర్తకుడి కేసు నడుస్తోంది. దిగుమతి సుంకం కట్టనన్నాడు. పార్లమెంటు ఒప్పుకోని ఆర్డినెన్సు కింద పన్ను ఎలా అడుగుతారన్నది అతని లాయర్ల వాదన. ఆ వాదన చేసినందుకు మేలో మేనార్డ్, ట్విస్‌డెన్, విండమ్ ముగ్గుర్నీ లండన్ టవర్ కోట జైల్లో వేశారు. ప్రధాన న్యాయమూర్తి హెన్రీ రోల్ జూన్‌లో పదవి వదిలేశాడు. రాజద్రోహం ఆర్డినెన్సు కింద ఉత్తరాది తిరుగుబాటుదార్లను విచారించడానికి న్యూడిగేట్, థార్ప్ అనే జడ్జీలు వెనకాడితే వాళ్లనూ తీసేశారు.

కోర్టులు కాగితం బలమెంతో తూచడం మొదలెట్టాక, మేజర్ జనరల్స్ వచ్చారు. ఇంగ్లండ్, వేల్స్‌లను ప్రాంతాలుగా పంచి ఒక్కొక్కటీ ఒక్కొక్క సేనాని చేతిలో పెట్టారు. ఖర్చుకు, ఏడాదికి భూమి మీద 100 పౌండ్ల రాబడి ఉన్న రాజపక్షీయుల దగ్గర పదోవంతు పన్ను. సారా కొట్ల లాంటి ఏల్‌హౌస్‌లు మూయించారు, గుర్రప్పందేలు ఆపారు. అయితే లింకన్‌లో ఆ మేజర్ జనరల్స్‌లో ఒకడైన ఎడ్వర్డ్ వేలీ ఒక పందేనికి అనుమతిచ్చి, పెద్దమనుషుల వినోదం ఆపడం మన ఉద్దేశం కాదు, శత్రువులు గుమిగూడకుండా చూడటమే అన్న అర్థంలో క్రామ్‌వెల్‌కే రాశాడు. ప్యూరిటన్ (మతనియమాల్లో పట్టుదల గల ప్రొటెస్టెంట్ల) నీతి లేదని కాదు, కానీ దానికన్నా కుట్రల భయమే ముందు నిలిచిందని నాకు ఆ ఉత్తరంతోనే తెలిసింది.

ఆ పన్నుకు చట్టబద్ధత కావాలని తర్వాతి పార్లమెంటును అడిగితే 1657 జనవరిలో 124 మంది వద్దన్నారు, 88 మంది సరేనన్నారు. మేజర్ జనరల్స్ పాలన అక్కడితో సరి.

కాబట్టి మీరు నోట్సు రాసుకుంటుంటే క్రిస్మస్ దగ్గర ఆగకండి. ఆఖరి ఏళ్లలో నేను ఈ పాఠాన్ని కోనీ కేసుతోనే మొదలుపెట్టేవాణ్ణి. లాయర్లను టవర్‌కు పంపారనగానే వెనక బెంచీలు కూడా తలెత్తి వినేవి.