వేర్వేరు కంపెనీల భాగాలున్న మౌంటెన్ బైకు కొనవచ్చా?

ప్రశ్న: వారాంతాల్లో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో తొక్కడానికి మౌంటెన్ బైకు కొందామనుకుంటున్నాను. రెండు సైకిళ్లు చూశాను. మొదటిది 42,000 రూపాయలు. దాని షిఫ్టరూ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట), వెనక డీరైలరూ (చైనును ఒక పళ్లచక్రం మీంచి మరోదాని మీదికి జరిపేది) షిమానో ఆల్టస్ 9 స్పీడువి, అంటే వెనక తొమ్మిది గేర్లవి. కేసెట్ (వెనక చక్రం మీది పళ్లచక్రాల వరుస) సన్‌రేస్, చైను కేఎంసీ, హైడ్రాలిక్ (ద్రవంతో పనిచేసే) డిస్కు బ్రేకులు టెక్ట్రో, కుదుపులు తగ్గించే ముందు ఫోర్కు ఎస్‌ఆర్ సన్‌టూర్. రెండోది 48,000 రూపాయలు. ఫోర్కు అదే సన్‌టూర్. గేర్లూ బ్రేకులూ మాత్రం అన్నీ షిమానోవే, అయితే అవి కేబులుతో పనిచేసే డిస్కు బ్రేకులు. కలగూరగంప సైకిలు కొంటే ఆరు నెలలకే గేర్లు మొరాయిస్తాయని, రెండోదే తీసుకోమని షాపు యజమాని అంటున్నారు. ముందుముందు స్రామ్ అనే మరో కంపెనీ 12 స్పీడు డీరైలరు వేయించుకోవాలని కూడా నాకు ఆశ ఉంది. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొదటిదే తీసుకోండి.

అన్ని భాగాలూ ఒకే కంపెనీవైన మౌంటెన్ బైకు బజారులో దొరకడం దాదాపు అసాధ్యం. షాపు యజమాని మెచ్చుకున్న రెండో సైకిలుకు కూడా ఫోర్కు సన్‌టూర్‌దే కదా. 1921లో జపాన్‌లోని సకాయ్ నగరంలో మొదలైన షిమానో ఎంత పెద్ద సంస్థ అయినా సస్పెన్షన్ ఫోర్కులు తయారుచేయదు. మీరు పేర్కొన్న సన్‌రేస్, కేఎంసీ, టెక్ట్రో, ఎస్‌ఆర్ సన్‌టూర్ తైవాన్ కంపెనీలు; ప్రపంచమంతటా అమ్ముడయ్యే సైకిళ్లకు ఏళ్ల తరబడి భాగాలు అందిస్తున్నవే. కాబట్టి చూడవలసింది ఎన్ని పేర్లున్నాయన్నది కాదు, ఏ భాగం ఏ భాగంతో జతకట్టి పనిచేయాలన్నది.

అన్నిటికంటే గట్టి జత షిఫ్టరు, వెనక డీరైలరు. మీరు బొటనవేలితో నొక్కిన ప్రతిసారీ షిఫ్టరు కేబులును ఒక నిర్ణీతమైన కొలత మేరకు లాగుతుంది. ఆ లాగుడుకు తాను ఎంత పక్కకు జరగాలన్నది డీరైలరు నిర్మాణంలోనే ఉంటుంది. షిమానో 9 స్పీడు మౌంటెన్ షిఫ్టరు ఒక్కో గేరుకు సుమారు 2.5 మిల్లీమీటర్ల కేబులు లాగితే డీరైలరు దానికి 1.7 రెట్లు, అంటే దాదాపు 4.25 మిల్లీమీటర్లు జరుగుతుంది. కేసెట్‌లో ఒక పళ్లచక్రానికీ పక్కదానికీ ఉన్న దూరం కూడా ఇంచుమించు అంతే. స్రామ్ వారి పాత 9 స్పీడు షిఫ్టరు సుమారు 4 మిల్లీమీటర్లు లాగుతుంది, వారి డీరైలరు దానికి 1.1 రెట్లు మాత్రమే జరుగుతుంది. రెండు పద్ధతులూ చివరికి చేరే చోటు ఒకటే అయినా, స్రామ్ షిఫ్టరును షిమానో డీరైలరుకు కట్టారనుకోండి, ఒక్క నొక్కుకు 6.8 మిల్లీమీటర్లు, అంటే గేరున్నర దాటిపోతుంది. మీ మొదటి సైకిలులో ఈ రెండూ షిమానో 9 స్పీడువే కనుక ఆ భయం లేదు.

అయితే రెండింటి మీదా ఒకే కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన జత కుదిరినట్టు కాదని కూడా చెప్పాలి. షిమానో వారి 10 స్పీడు మౌంటెన్ షిఫ్టరు గేరుకు సుమారు 3.4 మిల్లీమీటర్లు లాగుతుంది. ఒకసారి ఒక కుర్రవాడు తన సైకిలు తెచ్చి గేర్లు నిలవడం లేదన్నాడు. షిఫ్టరు 10 స్పీడుది, డీరైలరు 9 స్పీడుది, రెండూ షిమానోవే. స్టాండు మీద పెట్టి పెడల్ తిప్పుతూ కేబులు బిగువును సరిచేసే మరను అటూ ఇటూ తిప్పాం. రెండో గేరు కుదిరితే అయిదోది గలగలమనేది, అయిదోదాన్ని కుదిర్చితే చైను రెండో దాని మీదికి ఎక్కేదే కాదు. పూటంతా అలా గడిచాక 9 స్పీడు షిఫ్టరు వేస్తే పది నిమిషాల్లో అన్ని గేర్లూ నిలబడ్డాయి.

కేసెట్, చైను విషయంలో స్పీడుల లెక్క కలిస్తే చాలు. సన్‌రేస్ 9 స్పీడు కేసెట్ పళ్లచక్రాల మధ్య దూరం షిమానోకు సరిపోయేదే, 9 స్పీడు కేఎంసీ చైను దాని మీద నిశ్చింతగా నడుస్తుంది.

బ్రేకులకూ గేర్లకూ ఏ సంబంధమూ లేదు. గేర్లు ఒక కంపెనీవి, బ్రేకులు మరొకరివి అయినా సైకిలుకు ఏ లోటూ రాదు. బ్రేకుల్లో విడదీయకూడని జత ఏమిటంటే, చేతి దగ్గరి లివరు, చక్రం దగ్గర డిస్కును అదిమి పట్టే కాలిపరు, వాటి మధ్య నడిచే ద్రవం. టెక్ట్రో, షిమానో హైడ్రాలిక్ బ్రేకుల్లో మినరల్ ఆయిల్ ఉంటుంది. స్రామ్ బ్రేకుల్లో చాలావాటికి డాట్ 5.1 అనే వేరే రకం బ్రేకు ద్రవం కావాలి, కొన్ని కొత్తవి మాత్రం మినరల్ ఆయిల్‌వి. దీన్ని దయచేసి గుర్తుంచుకోండి, ఎందుకంటే మన ఊళ్లలో ఏ మెకానిక్ దగ్గరైనా అందుబాటులో ఉండేది మోటారుసైకిళ్లలో పోసే డాట్ ద్రవమే. నా సైకిలు మినరల్ ఆయిల్ బ్రేకుల్లో ఒక షాపులో అదే పోశారు. సాయంత్రానికి బాగానే పట్టాయి. కొద్ది రోజులకు లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి, నొక్కిన లివరు వెనక్కి రావడం మానేసింది, చివరికి బ్రేకులు జతగా మార్చవలసి వచ్చింది. బ్రేకుకు సర్వీసు చేయించేటప్పుడు సీసా మీద ఏముందో మీ కళ్లతో చదివాకే పోయనివ్వండి.

కొండ దిగేటప్పుడు చేతికి తెలిసేది ఈ బ్రేకుల తేడాయే. అనంతగిరి ఎర్రనేల మీద గులకరాళ్లు కదులుతుంటే రెండు వేళ్లతో మెత్తగా నొక్కి వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకోగలగాలి. హైడ్రాలిక్ బ్రేకుకు ఆ పని తేలిక, కేబులు బ్రేకుతో చేయి త్వరగా అలిసిపోతుంది, కేబులులో మట్టి చేరేకొద్దీ లివరు ఇంకా బిగుస్తుంది. అందుకే 6,000 రూపాయలు ఎక్కువ పెట్టి తక్కువ బ్రేకులు తెచ్చుకోవడం నాకు ఏమాత్రం నచ్చలేదు. ఆ డబ్బుతో మంచి హెల్మెట్ కొనండి, మిగిలితే పట్టున్న టైర్లు వేయించండి.

ఇక మీ 12 స్పీడు ఆశ. డీరైలరు ఒక్కటే మారిస్తే కుదరదు. షిఫ్టరు, డీరైలరు, కేసెట్, చైను నాలుగూ కలిపి మార్చాలి, ముందు వైపు కూడా ఒకే పళ్లచక్రం ఉండాలి. కేసెట్ ఎక్కే హబ్బు (వెనక చక్రం నడిమి భాగం) విషయం మరీ ముఖ్యం. షిమానో వారి 10 నుంచి 51 పళ్ల 12 స్పీడు కేసెట్‌కు మైక్రో స్ప్లైన్ అనే వేరే రకం హబ్బు కావాలి; స్రామ్ వారి ఎన్‌ఎక్స్ ఈగిల్ రకం 11 నుంచి 50 పళ్ల కేసెట్ మాత్రం మామూలు షిమానో గాడుల హబ్బు మీదికే ఎక్కుతుంది. చవక సైకిళ్లలో కేసెట్‌కు బదులు మరచుట్లతో బిగించే ఫ్రీవీల్ ఉంటుంది, దాని మీద ఈ కేసెట్ ఏదీ నిలవదు. కనుక డబ్బు కట్టే ముందు వెనక చక్రం విప్పించి, పళ్లచక్రాలు గాడులున్న హబ్బు మీద కూర్చున్నాయో, మరచుట్ల మీద బిగించి ఉన్నాయో మెకానిక్‌చేత చూపించుకోండి.