నెల్లూరు మిద్దెకు స్విట్జర్లాండు లెక్కలా?

ఇళ్లలోనూ కార్యాలయాలలోనూ కరెంటు ఖర్చు తగ్గించే నిర్మాణ పద్ధతులపై దేశాల మధ్య జరుగుతున్న సహకారం గురించి గత సంచికలో రాసిన వ్యాసానికి స్పందించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఇవి జవాబులు.

ప్రశ్న: మన దేశంలో ఇళ్ల నిర్మాణ నియమావళి తయారు కావడానికి స్విట్జర్లాండు సాయపడిందని రాశారు. మంచు దేశం వాళ్లకు మన ఎండల సంగతి ఏం తెలుసు? అసలు దీనివల్ల వాళ్లకు ఒరిగేదేమిటి? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మీ అనుమానం సహేతుకమైనదే. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండ ఎలా ఉంటుందో స్విస్ ఇంజనీర్లకు అనుభవంలో ఉండే అవకాశం లేదు. అయితే వారి నుంచి మనం తీసుకున్నది ఇంటి నమూనా కాదు, లెక్క కట్టే పద్ధతి. మన కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ, స్విట్జర్లాండు విదేశాంగ శాఖ కలిసి 2011లో భవనాల ఇంధన పొదుపుపై ఒక ఉమ్మడి పథకాన్ని ప్రారంభించాయి. గోడ గుండా ఎంత, కిటికీ అద్దం గుండా ఎంత, కప్పు గుండా ఎంత వేడి లోపలికి దిగుతున్నదో విడివిడిగా లెక్కించి, దేనికి ఎంత హద్దు పెట్టవచ్చునో తేల్చడం ఆ పథకం చేసిన ముఖ్యమైన పని. 2018 డిసెంబరులో వెలువడిన ఇళ్ల నిర్మాణ నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ మొదటి భాగానికి సాంకేతికమైన పునాది అక్కడిదే. అందులో గోడలు, కిటికీల గుండా లోపలికి చేరే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదన్న నియమం చలి ప్రాంతాలను మినహాయించి పెట్టినది. అది స్విట్జర్లాండులో ఎందుకూ పనికిరాని నియమం. అరువు తెచ్చుకున్న పద్ధతిని మన వాతావరణానికి మలుచుకున్నారనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇక వారికి ఒరిగేది ఏమిటన్న ప్రశ్న. భవనాలను కట్టడం, వాటిని వాడుకోవడం వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడు ప్రపంచంలో ఇంధనం, పరిశ్రమల కారణంగా వెలువడే మొత్తంలో మూడో వంతుకు పైగా ఉంటుందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క. నెల్లూరులో మధ్యాహ్నం ఏసీలన్నీ ఒక్కసారిగా ఆడితే, ఆ కరెంటు కోసం కృష్ణపట్నం దగ్గరి నేలటూరు లాంటి థర్మల్ కేంద్రాలలో బొగ్గు మండుతుంది, ఆ కార్బన్ కృష్ణపట్నం ఆకాశం మీదనే ఆగిపోదు. తమ నిపుణులకు, తమ సామగ్రికి ఇక్కడ గిరాకీ కలగాలన్న ఆశ సాయం చేసే ఏ దేశానికైనా ఉంటుంది. ఉన్నంత మాత్రాన మనకు దక్కిన పద్ధతి విలువ తగ్గదు.

డబ్బు విషయం వేరు, అది ఎప్పుడైనా ఆగిపోవచ్చు. పెద్ద వాణిజ్య భవనాల కోసం 2007లో వచ్చిన ఇంధన పొదుపు నిర్మాణ నియమావళికి అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ సాయపడింది. ఆ నియమావళిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014లో మన నిర్మాణ నిబంధనలలో చేర్చింది. సాయపడిన ఆ సంస్థే 2025 జూలైలో మూతపడింది, నియమావళి మాత్రం పుస్తకాలలో నిలిచే ఉంది. అందుకే విదేశీ సహకారం నుంచి నిధుల కన్నా పద్ధతులను, శిక్షణను రాబట్టుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

ప్రశ్న: నాలుగు సెంట్లలో పైన ఒక అంతస్తుతో ఇల్లు కట్టుకుంటున్నాము. మీరు చెప్పిన సంహిత మాకు వర్తించదని మా ఇంజనీరు గారు అంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, కందుకూరు)

జవాబు: మీ ఇంజనీరు గారు చెప్పినది నిజమే, అమ్మా. 2018 నాటి సంహిత 500 చదరపు మీటర్లు, అంటే పన్నెండు సెంట్లు దాటిన స్థలాలలోని ఇళ్లకు ఉద్దేశించినది. మన ఊళ్లలో ఇళ్లు ఎక్కువ భాగం మూడు నాలుగు సెంట్లలోనే లేస్తున్నప్పుడు, ఇన్నేళ్ల అంతర్జాతీయ కృషి ఫలితం సామాన్యుడి గడప దాకా రాకుండా అపార్ట్‌మెంట్ల దగ్గరే ఆగిపోవడం నాకు సబబుగా తోచదు. అయినా చట్టం అడగనంత మాత్రాన ఆ లెక్కలను మీరు వాడుకోకూడదని లేదు.

ముందు కిటికీల సంగతి చూడండి. ఉక్కపోత ఎక్కువగా ఉండే మనలాంటి కోస్తా మండలానికి, తెరుచుకునే ఖాళీ నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలని సంహిత చెబుతున్నది. లెక్క ఇల్లు మొత్తానికి వేసేదే అయినా, తేలికగా అర్థం కావడానికి ఒక గదికి అన్వయించి చూద్దాము. పది అడుగులకు పన్నెండు అడుగుల గది నూట ఇరవై చదరపు అడుగులు, దానికి ఇరవై చదరపు అడుగుల ఖాళీ కావాలి. ఇప్పుడు అందరూ పెట్టించుకుంటున్న జరిపే అద్దాల కిటికీ నాలుగు అడుగులకు నాలుగు అడుగులు ఉన్నదనుకుందాము. చూడడానికి పదహారు చదరపు అడుగులే కానీ, ఒక అద్దం రెండో దాని వెనక్కు వెళుతుంది కనుక గాలి వచ్చేది ఎనిమిదింటి గుండానే. పాతకాలపు రెక్కల కిటికీ అంతే కొలతతో పెడితే దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. ఇండో-స్విస్ పథకం నిపుణులు రాజ్‌కోట్‌లో 1,176 పేదల ఇళ్ల సముదాయానికి సలహా ఇచ్చినప్పుడు ఎంచుకున్నవి కూడా, కొంత అద్దం, కొంత మూత పలకతో, రెక్కలు తెరుచుకునే కిటికీలే. కిటికీలకు దోమతెర బిగించుకోవడం మరవకండి. మన ఊళ్లలో దోమల భయంతో మూసుకున్న కిటికీలే ఎక్కువ.

రెండోది మిద్దె. ఒట్టి కాంక్రీటు స్లాబు పైకీ కిందికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు మూడు వాట్లకు పైగా వేడిని లోపలికి దించుతుంది, సంహిత ఒప్పుకునేది 1.2 వాట్లు. అంత తగ్గాలంటే స్లాబు పైన వేడిని ఆపే పొర వేసి, దాని మీద తెల్లని పెంకుముక్కలు పరిపించుకోవాలి. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే తెల్లసున్నమైనా పూయించండి. సున్నం స్లాబు గుణాన్ని మార్చదు గానీ, ఎండను తిప్పికొట్టి స్లాబు కాగకుండా చూస్తుంది. అయితే దసరాకు ఇంటితో పాటు మిద్దెకూ సున్నం వేయించే పద్ధతి మన దగ్గర దండగ. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, సున్నం కొంత కొట్టుకుపోయి, మిగిలినది నాచు పట్టి నల్లబడుతుంది. శివరాత్రి వెళ్లాక మిద్దెను రుద్ది కడిగించి పూయిస్తే ఆ తెలుపు సరిగ్గా వేసవికి పనికివస్తుంది.

ప్రశ్న: జర్మనీలో గాలి చొరబడని ఇళ్లు కట్టి కరెంటు బిల్లు బాగా తగ్గించారట. ఇక్కడ కట్టవచ్చునా? (ఒక పాఠకుడు, చీమకుర్తి)

జవాబు: 1991లో డార్మ్‌స్టాట్ నగరంలో కట్టిన ఇల్లు ఆ పద్ధతికి ఆద్యం. బయటి చలి లోపలికి రాకుండా, లోపలి వెచ్చదనం బయటికి పోకుండా బిగించడం అక్కడి అవసరం. రాత్రీ పగలూ ఏసీ నడిచే ఆసుపత్రికో, కంప్యూటర్ల గదికో ఆ సూత్రం ఇక్కడా ఉపయోగపడుతుంది. సాయంత్రం సముద్రం మీది గాలి కోసం తలుపులు తీసి కూర్చునే ఇంటికి అది ఉపకారం కన్నా అపకారమే చేస్తుంది.

ప్రశ్న: ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టుకోమని ప్రభుత్వం చెబుతున్నది. అది మనకు సరిపోతుందని ఎవరు తేల్చారు? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: 2020 జనవరి నుంచి కరెంటు పొదుపును సూచించే నక్షత్రాల గుర్తు ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా తయారు కావాలన్నది ఇంధన సామర్థ్య బ్యూరో నిబంధన, ఆ పైన మీ ఇష్టం. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో అంచనా. మన ఒంటికి ఏది హాయి అన్న విషయంపై చాలాకాలం పాశ్చాత్య ప్రమాణాలే మనకు దిక్కయ్యాయి. అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయం ఆస్ట్రేలియా పరిశోధకులతో కలిసి ఢిల్లీ, సిమ్లా, అహ్మదాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల కార్యాలయాలలో పనిచేసేవారినే అడిగి ఆ లోటు తీర్చింది. బయటి వేడికి అలవాటుపడిన భారతీయులు పాత ప్రమాణాలు అనుకున్న దానికన్నా ఎక్కువ ఉష్ణోగ్రతలో కూడా హాయిగానే ఉన్నారని తేలింది. వాతావరణంలో చెన్నై మనకు దగ్గర చుట్టమే కనుక, ఫ్యాను తిరుగుతూ ఉంటే మీరు 26 దగ్గర పెట్టి చూడవచ్చు.

ప్రశ్న: సదస్సులలో చేసే ప్రకటనల వల్ల ఏమైనా జరుగుతుందా? (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: అన్నీ ఒక గాటన కట్టలేము. 2024 మార్చిలో పారిస్‌లో దాదాపు 70 దేశాలు ఒప్పుకున్న షాయో ప్రకటన భవనాల గురించి మంచి మాటలు చెప్పింది, పాటించకపోతే అడిగేవారు లేరు. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలి సవరణ అలాంటిది కాదు. మన దేశం 2021లో ఆమోదించిన ఆ సవరణ ప్రకారం ఏసీలలో వాడే, భూతాపాన్ని పెంచే హైడ్రోఫ్లోరోకార్బన్ వాయువుల వాడకం 2028లో పెరగకుండా నిలిచిపోవాలి, 2032 నుంచి విడతలవారీగా తగ్గుతూ పోవాలి. కొత్త ఏసీ కొనేటప్పుడు నక్షత్రాలతో పాటు లోపల ఏ గ్యాసు ఉన్నదో కూడా అడగండి, అది యంత్రానికి అంటించిన చీటీ మీదనే రాసి ఉంటుంది. ఆర్-410ఏ కన్నా ఆర్-32, దానికన్నా ఆర్-290 భూతాపానికి తక్కువ కారణమవుతాయి. చివరి రెండూ మండే స్వభావం ఉన్నవి కాబట్టి, బిగించే పని శిక్షణ పొందిన మెకానిక్కుకే అప్పగించండి.