జామాయిల్ ఆకుల మీద బుడిపెలు: అది వైరస్ కాదు, ముందు గొయ్యి తవ్వి చూడండి

ప్రశ్న: సార్, మాది ప్రకాశం జిల్లా, కనిగిరి దగ్గర. నాలుగెకరాల మెట్టలో నిరుడు ఆగస్టులో కమాల్డులెన్సిస్ రకం జామాయిల్ క్లోన్ మొక్కలు (ఒకే తల్లి మొక్క కొమ్మల నుంచి పెంచినవి) 3 మీటర్లకు 2 మీటర్ల దూరంలో నాటాను. ఇప్పటికి పది నెలలు. ఆకు ఈనెల మీద, కాడల మీద బుడిపెలు లేచి ఆకులు మెలికలు తిరిగాయి. పొలం పైభాగంలో చెట్లు పసుపు రంగుకు తిరిగి నడుమెత్తు దాటలేదు, వాగు పక్కనున్నవి మాత్రం ఏపుగా ఉన్నాయి. మందుల షాపులో వైరస్ అన్నారు, ఐదుసార్లు కొట్టాను. ఇది ఆస్ట్రేలియా ఎడారి చెట్టు, నీళ్ళు అక్కర్లేదని మొక్కలు ఇచ్చినవాళ్ళు చెప్పారు. ఇప్పుడు ఏ మందు కొట్టమంటారు?

జవాబు: ఏ మందూ కొట్టకండి. మీరు పంపిన ఫొటోలు చూశాను, వైరస్ లక్షణం ఒక్కటీ లేదు. ఆ బుడిపెలు గాల్ వాస్ప్ అనే కందిరీగ పని. ఒళ్ళంతా కలిపి ఆవగింజంత ఉంటుంది, లేత ఈనెలోనూ కాడలోనూ గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు లోపలే పెరుగుతుంటే చుట్టూ కణజాలం ఉబ్బుతుంది. ఒక్క బుడిపెను బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి, లోపల చిన్న గదిలో తెల్లటి పురుగు కనిపిస్తుంది. బుడిపె మీద సూదిమొనతో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం ఉంటే కందిరీగ అప్పటికే ఎగిరిపోయిందని అర్థం. మూడో ఫొటోలో అలాంటివి చాలా ఉన్నాయి, అంటే మీరు చివరిసారి కొట్టిన మందు ఖాళీ ఇంటి మీద పడింది.

పురుగు ఆకు లోపల ఉంటుంది కాబట్టి పైన పడ్డ మందు దానికి సరిగా తగలదు, తగిలేది బయట తిరిగే దాని శత్రువులకు. ఇజ్రాయెల్ నుంచి తెప్పించి బెంగళూరులోని జాతీయ సంస్థ వాళ్ళు మన దేశంలో విడుదల చేసిన క్వాడ్రాస్టికస్ మెండెలి అనే పరాన్నజీవి ఉంది, అది ఈ బుడిపెలు వెతుక్కుంటూ వచ్చి లోపలి పురుగును తినేస్తుంది. ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిపిన ఆ పురుగుమందు ఐదుసార్లు కొడితే అలాంటివి మీ పొలంలో బతకవు. షాపులో కూర్చున్నాయన మీ చెట్టును చూడలేదు, మీరు తెంపుకెళ్ళిన ఒక్క ఆకు చూసి డబ్బా చేతిలో పెట్టాడు. ఇలా ఎంతమంది రైతుల డబ్బు పోతుందో రోజూ చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మందు అవసరమయ్యేది నర్సరీలోనే, అక్కడ బుడిపెలు మొదలైతే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ లీటరు నీటికి 0.5 మి.లీ. కలిపి పిచికారీ చేస్తే సరి. మీరు చేయాల్సింది బుడిపెలు పచ్చగానో గులాబీ రంగులోనో ఉన్నప్పుడే ఆ కొమ్మ చివర్లు కత్తిరించి కాల్చేయడం. గట్టు మీద పారేస్తే అందులోంచే కందిరీగలు బయటికి వస్తాయి.

అసలు సంగతి ఇది కాదు. పొలం ఒకటే, మొక్కలు ఒకే నర్సరీవి, మరి వాగు పక్కన ఏపుగా, పైభాగంలో గిడసబారి ఎందుకున్నాయని మీరే అడగాల్సింది. పైభాగంలో లేత ఆకులు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి, అది ఇనుము అందని లక్షణం. గట్టు కోసుకుపోయిన చోట తీసిన ఫొటోలో మట్టి మధ్య తెల్లటి గుండ్లు కనిపిస్తున్నాయి, నా అనుమానం సున్నం. ఒక గుండు తీసి దాని మీద నిమ్మకాయ పిండండి, బుసబుసమని నురగ వస్తే సున్నమే. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, అలా నీరసపడి వేరు దిగని చెట్టు పురుగు దెబ్బ నుంచి త్వరగా తేరుకోదు.

ఇక ఎడారి చెట్టు అన్న మాట. ఆస్ట్రేలియాలో కమాల్డులెన్సిస్‌ను రివర్ రెడ్ గమ్ అంటారు, పేరులోనే నది ఉంది. (కమాల్డులెన్సిస్ అన్న మాట మాత్రం ఇటలీలో నేపుల్స్ దగ్గరి ఒక తోటది, అక్కడ పెంచిన చెట్టును చూసి 1832లో వర్ణించారు.) ఈ జాతికి ప్రపంచంలోనే అతిపెద్ద అడవి ముర్రే నది ఒడ్డున, బార్మా మిల్లెవా దగ్గర ఉంది. అక్కడ వాన సాలుకు సుమారు 400 మి.మీ., మీ జిల్లా కంటే తక్కువే. అయినా అంత అడవి నిలిచిందంటే కారణం వరద. చలికాలం చివర, వసంతంలో కొండల మీద పడిన వానా కరిగిన మంచూ నదిలోకి వచ్చి అడవంతా మునిగేది, చెట్లు నెలల తరబడి నీళ్ళలో నిలబడేవి, వరద తీసిన ఒండ్రు మీదే కొత్త విత్తనం మొలిచేది. 1936లో పైన హ్యూమ్ డ్యామ్ పూర్తయ్యాక ఆ వరదలు తగ్గాయి, తర్వాత ఈ శతాబ్దం మొదట్లో ఏళ్ళ తరబడి కరువు వచ్చినప్పుడు ముర్రే వెంట వందల ఏళ్ళ చెట్లు కూడా పైనుంచి ఎండుకుంటూ వచ్చాయి. ఇది నీళ్ళు అక్కర్లేని చెట్టు ఎలా అవుతుంది?

ఎడారి మధ్యలో కూడా ఉంటుంది, అది నిజమే, ఆ సగం నిజమే మీకు చెప్పారు. ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి మధ్య టాడ్ నది ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్త ఇసుకే, ఆ ఇసుకలోనే ఈ చెట్లు పెద్ద పెద్ద మానులై ఉంటాయి. ఎండాకాలం మన వాగు ఇసుకలో చెలమ తీస్తే నీళ్ళు ఊరవా, ఆ ఊట దాకా వేరు పంపుకుంటుంది. చెట్టు ఓర్పంతా లోతుకు దిగే వేరులో ఉంది. వేరుకు దారి లేని నేలలో పెట్టి ఇది కరువును తట్టుకుంటుందంటే తట్టుకోదు.

కాబట్టి మీ పని మందు డబ్బాతో కాదు, పలుగూ పారతో. పొలంలో పైన ఒకటి, నడుమ ఒకటి, వాగు దగ్గర ఒకటి, మొత్తం మూడు గోతులు మీటరు లోతున తవ్వండి. సున్నపు పొర ఎన్ని సెంటీమీటర్ల దగ్గర తగిలిందో రాసుకోండి. నాటడానికి ముందే చేయాల్సిన పని ఇది. ఎకరాకు వందల మొక్కలు కొనేటప్పుడు ఒక్క పూట కూలీ పెట్టి గొయ్యి తవ్వించని రైతులే ఎక్కువ, మొక్కలు అమ్మేవాళ్ళు కూడా ఆ మాట ఎత్తరు.

పొర 60 సెం.మీ. లోపే తగిలితే ఆ భాగంలో జామాయిల్ మీద ఇక పైసా పెట్టకండి, అక్కడ సుబాబుల్ లేదా వేప ఆలోచించండి, అవి సున్నానికి దీనికంటే ఓర్చుకుంటాయి. పొర అంతకన్నా లోతుగా ఉంటే చెట్లు ఉంచండి. లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి, సాయంత్రం పూట, 10 రోజుల తేడాతో మూడుసార్లు లేత ఆకులు తడిసేలా కొట్టండి. ద్రావణం అప్పటికప్పుడే కలుపుకోవాలి, నిల్వ ఉండి ఎర్రబడితే పనిచేయదు. మీకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో కదా, సెప్టెంబరు ఆఖరులోగా సాళ్ళ మధ్య వాలుకు అడ్డంగా 2 మీటర్ల పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతుతో కందకాలు తీయండి, పై వరుస కందకాల మధ్య ఖాళీకి ఎదురుగా కింది వరుస కందకం వచ్చేలా తీస్తే పారే నీళ్ళు ఎక్కడికక్కడ ఇంకుతాయి. చెట్టు చుట్టూ మీటరు మేర కలుపు లేకుండా చూడండి. చచ్చిన మొక్కల చోట మళ్ళీ అదే క్లోన్ పెట్టకండి. వేరేది కొనేటప్పుడు నర్సరీలో తల్లి మొక్కల మడి చూపించమని అడగండి, వాటి ఆకుల మీద బుడిపెలుంటే వెనక్కి వచ్చేయండి, లేకుంటే క్లోన్ నంబరు రసీదు మీద రాయించుకుని తెచ్చుకోండి.

ఎరువుల గురించి ఇప్పుడేమీ చెప్పను, మట్టి ఉదజని సూచిక (pH) తెలియకుండా చెప్పడం నాకిష్టం లేదు. ప్రతి గొయ్యి నుంచి 0–30, 30–60, 60–90 సెం.మీ. పొరల మట్టి అర కిలో చొప్పున తీసి, నీడలో ఆరబెట్టి, తొమ్మిది సంచుల్లో విడివిడిగా దగ్గరలోని భూసార పరీక్ష కేంద్రానికి ఇవ్వండి. మూడు పొరలూ కలిపేస్తే ఆ పరీక్ష దండగ. సంచి మీద లోతు, గొయ్యి నంబరు రాయండి, యూరియా సంచిలో మాత్రం వేయకండి.