టీవీ సినిమాలో కట్ ఎక్కడ పడిందో చెప్పేసే అమ్మాయి

ప్రశ్న: మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. టీవీలో సినిమా వస్తుంటే "నాన్నా, ఇక్కడ ఓ సీన్ లేపేశారు, ఇక్కడ మాట మ్యూట్ చేశారు" అంటూ ఉంటుంది. ఆ పనే నేర్చుకుంటానంటోంది. డిగ్రీ కూడా మానేస్తానంటుంటే టెన్షన్‌గా ఉంది. అసలు అదో ఉద్యోగమా?

జవాబు: ఉద్యోగమేనండీ. థియేటర్లో ఆడిన సినిమా ఉన్నదున్నట్టు టీవీలోకి రాదు. 'ఎ' సర్టిఫికెట్ సినిమానైతే అలాగే వేయడానికి చట్టమే ఒప్పుకోదు. తగిన కట్స్ చేసి, సెన్సార్ బోర్డుకు మళ్లీ చూపించి, టీవీ కోసం వేరే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించినప్పుడు ఈ సంగతి అందులోనే చేర్చారు. బోర్డు ప్రాంతీయ కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది.

కత్తిరించడం ఎవరైనా చేస్తారు, నేర్పంతా అతకడంలో ఉంది. మ్యూట్ సంగతే తీసుకోండి. వానలో ఇద్దరు గొడవపడే సీన్ అనుకుందాం. డైలాగు ఒక ట్రాక్‌లో, సంగీతం, చప్పుళ్లు వేరే ట్రాక్‌లలో చేతికొస్తే తిట్టు ఒక్కటే తీసేయొచ్చు, వాన కురుస్తూనే ఉంటుంది. అన్నీ కలిసిన ఒకే ట్రాక్ వస్తే, ఆ మాటతో పాటు వాన కూడా ఆగిపోతుంది. అర సెకను గొయ్యి. మంచి ఎడిటర్ అదే సీన్‌లో ఎవరూ మాట్లాడని చోటు వెతికి, అక్కడి వాన చప్పుడు ఓ ముక్క తెచ్చి ఆ గొయ్యి పూడుస్తారు. పూడ్చకపోతే అన్నం తింటూ చూసేవాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది గానీ ఏమిటో చెప్పలేరు. మీ అమ్మాయి చెప్పగలుగుతోంది. ఈ పనికి కావాల్సిన చెవి అదే.

ఇంకా చాలా ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు (విడి బొమ్మలు), మన టీవీ 25. ఆ 24ను 25 వేగంతో నడిపిస్తే 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులు కాస్త సన్నబడతాయి. దాన్ని సరిచేయాలి. వెడల్పాటి బొమ్మను టీవీ తెరకు సర్దాలి: అటూ ఇటూ కోస్తే మూల నిలబడ్డ మనిషి మాయమవుతాడు, కోయకపోతే పైనా కిందా నల్ల పట్టీలు. సిగరెట్ కనిపిస్తే కింద హెచ్చరిక పడాలి. ప్రకటనలు గంటకు 12 నిమిషాలు దాటకూడదన్నది నిబంధన. మరి బ్రేక్ ఎక్కడ వేయాలి? ఏడుస్తున్న తల్లి ముఖం మీద బ్రేక్ వేస్తే నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. పది సెకన్లు ఆగితే ఆ సీన్ అయిపోయేదే కదా!

ఇక మీ టెన్షన్ గురించి. డిగ్రీ మానేయనివ్వకండి. సినిమాలను టీవీకి సిద్ధం చేసే పని ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు. ప్రోమోలు, సీరియళ్లు, ఓటీటీ పనులతో కలిపి చేసేదే అది. మొదట అసిస్టెంట్‌గానే తీసుకుంటారు, జీతం తక్కువ, నైట్ షిఫ్టులు తప్పవు. రాత్రి ఇంటి దగ్గర దింపే ఏర్పాటు ఉందా అని చేరే ముందే గట్టిగా అడగండి.

బీకాం చేతిలో ఉంటే పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో గానీ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో గానీ ఎడిటింగ్ కోర్సుకు ఎంట్రన్స్ రాయొచ్చు. ఊళ్లోనే కావాలంటే అన్నపూర్ణ స్టూడియోస్ వాళ్ల ఫిల్మ్ కాలేజీ ఉంది. మూడు నెలల్లో ఎడిటర్‌ని చేస్తామనే బోర్డులు చూసి మాత్రం డబ్బు కట్టకండి. అలా అప్పు చేసి కట్టిన అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో బటన్లన్నీ తెలుసు, ఒక సీన్ ఎక్కడ ఆపాలో తెలీదు. వాడి తప్పు కాదు, ఎవరూ నేర్పలేదు.

ఈలోపు ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఇంట్లో వాళ్లమ్మా, అమ్మమ్మా మాట్లాడుకునేది పది నిమిషాలు ఫోన్‌లో తీసి, ఎనిమిది నిమిషాలకు తగ్గించమనండి. ఆ మాటలు విననివాళ్లను కూర్చోబెట్టి చూపించమనండి. "మధ్యలో ఏదో పోయిందే" అని వాళ్లు ఎక్కడ అంటే అక్కడ గుర్తు పెట్టుకుని మళ్లీ చేయమనండి. డిగ్రీ అయ్యేసరికి అలాంటివి ఇరవై పోగైతే, ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ల కంటే ముందు అవే చూపించమనండి.