తాతమ్మ పుట్టిన ఏడు ఎలా తేల్చాలి?

ప్రశ్న: మాది రేపల్లె. మొన్న సంక్రాంతికి ముందు కన్నుమూసిన మా తాతమ్మ జ్ఞాపకార్థం బంధువులకు ఒక చిన్న పుస్తకం పంచాలనుకుంటున్నాం. ఆధార్‌లో ఆమె పుట్టిన తేదీ 1926 జనవరి 1 అని ఉంది. ఆమె మాత్రం తాను ప్రజోత్పత్తి మార్గశిరంలో పుట్టానని చెప్పేది. దేనిని నమ్మాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: తాతమ్మ మాటనే నమ్మండి. పుట్టిన తేదీ తెలియని పెద్దలకు వయసు అంచనా కట్టి జనవరి 1 వేయడం కార్డుల్లో మామూలే. అరవై ఏళ్లకొకసారి వచ్చే ప్రజోత్పత్తి గత శతాబ్దంలో 1931లోనూ, 1991లోనూ మొదలైంది కనుక, ఆమె పుట్టుక 1931 డిసెంబరులోనో, 1932 జనవరి తొలి వారంలోనో జరిగి ఉండాలి. తిథి కూడా ఎవరికైనా గుర్తుంటే ఆనాటి పంచాంగం తేదీనే చెబుతుంది.

మిగతా జీవితానికీ ఇదే పద్ధతి. అప్పటికి నయాపైసలు వచ్చాయా అని అడిగితే, ఏ కాన్పు 1957 ఏప్రిల్‌కు ముందో, ఏది తరువాతో తేలుతుంది. మీ ప్రాంతానికి 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇంకా గట్టి గుర్తు. అప్పటికి ఇల్లు తాటాకుదా, పెంకుటిల్లా, ఆ రాత్రి ఎవరింట తలదాచుకున్నారు, మర్నాడు పొయ్యి ఎలా వెలిగింది అన్నవి ఆమె పిల్లలను అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. పుస్తకంలో ఎక్కువ పుటలు వీటికే ఇవ్వండి. బంధువుల పొగడ్తలు కొంత తగ్గినా నష్టం లేదు. వంశవృక్షంలో మాత్రం కూతుళ్ల సంతతిని వదలకండి. చాలా ఇళ్లలో మునిమనవలు జారిపోయేది అక్కడే.